ప్రశ్నల దొర ముద్ద మింగిన రోజు

కెఫాసి లిపెంగా నమాలిండి కొండ మీది స్థానిక కోర్టులో ఇరవై ఆరేళ్ళు గుమాస్తాగా, దుబాసీగా పనిచేశాడు. ఆ ఇరవై ఆరేళ్ళలో కోర్టు చావడిలో తన సొంత మాట ఒక్కటీ అనలేదు. ముసలివాళ్ళ మాటలను ఇంగ్లీషులోకి, దొరల మాటలను మా కొండ భాషలోకి తిప్పడమే అతని పని. తిప్పి తిప్పి ఇంటికొచ్చాక భార్య ఫలేసి "కూర బాగుందా?" అని అడిగితే, "కూర బాగుందా అని అడుగుతున్నారు" అనేవాడట. ఇది నిజమో, గిట్టనివాళ్ళు పుట్టించిందో తెలియదు. ఫలేసి మాత్రం ఎవరి దగ్గరా కాదనలేదు.

ఖాకీ నిక్కరు, మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు, జేబుకు రెండు కలాలు. వాన పడితే బూట్లు విప్పి చంకలో పెట్టుకుని బురదలో నడిచేవాడు. కాళ్ళు దేవుడిచ్చినవి, బూట్లు ప్రభుత్వం ఇచ్చినవి అని అతని లెక్క. కోర్టులో బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా అతను రాగానే లేచి నిలబడేవారు. సాయంత్రం ఇంటికొస్తే మాత్రం అతను ఇల్లరికపు అల్లుడు. అందులో చిన్నతనమేమీ లేదు, మా కొండ మీద మగవాళ్ళంతా ఇల్లరికమే. పెళ్ళయితే చాప, గొడ్డలి పట్టుకుని భార్య ఊరికి పోవాలి. పొలం అత్తగారిది, ఆమె తర్వాత ఆమె కూతుళ్ళది. అల్లుడు ఇల్లు కట్టాలి, బోదెలు వేయాలి, పిల్లల్ని ఎత్తుకోవాలి. భార్య పోతే చాప చుట్టుకుని అమ్మ ఊరికి తిరిగి రావాలి. కెఫాసి పద్దెనిమిదేళ్ళుగా అత్తగారు అబిటి కుంబాని పొలంలో బోదెలు వేస్తున్నాడు. అందులో ఒక్క బోదె తనదని ఎప్పుడూ అనుకోలేదు.

అలాంటి కెఫాసి చేతిమీదుగానే ఆ పొలం పోయే పరిస్థితి వచ్చింది.

దేశం చేతులు మారబోతోందని ఖాయమైన రోజులవి. రాజధాని జోంబాలో ఒక కార్యాలయం వెనక నూనె పీపాలో కాగితాలు తగలబెడుతున్నారనీ, వారాలుగా పొగ ఆగలేదనీ బస్సు డ్రైవర్లు చెప్పేవారు. డెబ్బై ఏళ్ళుగా మన గురించి రాసుకున్నదంతా ఒక చేత్తో కాలుస్తున్న ప్రభుత్వానికి, డెబ్బై ఏళ్ళుగా రాయనిది ఒకటి మిగిలిపోయిందని హఠాత్తుగా గుర్తొచ్చింది. అది మన ఆచారం. దాన్ని రాసిపెట్టమని రెండో చేత్తో ఒక యువకుణ్ణి పంపించింది.

ఆయన పేరు హెథరింగ్టన్. సన్నగా, పొడుగ్గా, ఎండకు ఎర్రబడిన చెవులతో ఉండేవాడు. మంచివాడు. ఆయనంత నిజాయితీపరుడు అంతకుముందు మా కొండ ఎక్కలేదు, అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. లండన్‌లో అచ్చు వేయించిన నూట పన్నెండు ప్రశ్నలతో వచ్చాడు కాబట్టి జనం ఆయన్ను ప్రశ్నల దొర అన్నారు.

"మేం వెళ్ళిపోయేలోపు మీ ఆచారాన్ని పుస్తకంగా రాసి మీకు అప్పజెబుతాం" అని మొదటి రోజున ఆయన ప్రకటించాడు. కెఫాసి తర్జుమా చేశాడు.

సాక్ష్యానికి పిలిచిన ఐదుగురు పెద్దమనుషుల్లో అందరికంటే ముసలివాడు చింతెంగో, పక్కవాడి వైపు వంగి, "మన దగ్గరున్నదాన్ని మనకే ఇవ్వడానికి సముద్రాలు దాటి వచ్చాడా? పాపం, నీళ్ళివ్వండ్రా" అన్నాడు. ఈ మాట తర్జుమా కాలేదు.

ప్రశ్నలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి. "పెళ్ళికి వరుడి వైపువారు పన్నెండు ఆవులు ఇవ్వాలి, అవునా?" "అవును" అన్నారు ఐదుగురు పెద్దమనుషులూ. "తండ్రి ఆస్తి పెద్దకొడుక్కి చెందుతుంది, అవునా?" "అవును." "ఇంటి యజమాని పురుషుడు, భూమి అతనిది, అవునా?" "అవును." ఏడాదిన్నరలో నూట పన్నెండు ప్రశ్నలు, నూట పన్నెండు అవునులు. ఇంతటి ఏకాభిప్రాయం ఖండంలో మరెక్కడా చూడలేదని ప్రశ్నల దొర పైవాళ్ళకు ఉత్తరం రాశాడు. దాన్ని కూడా కెఫాసే టైపు చేశాడు.

సంగతేమిటంటే, మా కొండ మీద ఇంటికొచ్చిన అతిథి ముద్ద తినేదాకా అతని మాటకు ఎదురు చెప్పరు. వాడు వచ్చి "మీ కొండ తలకిందులుగా ఉంది" అన్నా అవుననాలి. తిని, చెయ్యి కడుక్కున్నాక, "ఇందాక కొండ గురించి ఏదో అన్నావు" అని మొదలుపెట్టాలి. ఆకలి మీదున్నవాడికి కాదని చెబితే ఆ మాట ఖాళీ కడుపులో రాయిలా పడుతుందంటారు. ఇందులో వింతేముంది, తింటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ప్రశ్నల దొర తినడు. సాక్షుల చేతి భోజనం అధికారి తింటే అది లంచం కిందికి వస్తుందని సర్క్యులర్ ఉంది. ఆయన మధ్యాహ్నం కాగానే కారులోకి పోయి, అద్దాలు బిగించుకుని, కాగితంలో చుట్టి తెచ్చుకున్న రొట్టెముక్కలు చెమటలు కక్కుతూ తినేవాడు. ఏడాదిన్నర పాటు ఆయన నిజాయితీగా ఆకలితో ఉన్నాడు, వాళ్ళు మర్యాదగా అబద్ధం చెప్పారు.

కెఫాసికి ఇదంతా తెలుసు. తెలిసీ టైపు చేశాడు. దుబాసీ పని జవాబును అటునుంచి ఇటు మోయడమే, దాని బరువు చూడటం కాదు. పైగా జోంబాకు పోయిన కాగితం ఏదీ లేచి తిరిగొచ్చిన దాఖలా లేదు. ఇదీ అక్కడే పడి నిద్రపోతుందనుకున్నాడు.

కానీ ఆ కాగితం లేచి వచ్చింది. ఏప్రిల్ నెలాఖరున చిత్తుప్రతి కోర్టుకు చేరింది. నియమం ప్రకారం దాన్ని కోర్టు బయటి పలక మీద అంటించాలి. వచ్చే గురువారం పెద్దమనుషులు వేలిముద్రలు వేస్తే, పుస్తకం అచ్చుకు పోతుంది, స్వాతంత్ర్యం వచ్చాక కోర్టులన్నీ దాన్నే పాటిస్తాయి. కెఫాసి నాలుగు మేకులతో పలకకు బిగించి వెళ్ళాడు. అందరూ దాని ముందు నుంచే నడిచిపోయారు, ఒక్కడే ఆగి చదివాడు. అతను కెఫాసి తోడల్లుడు లిస్టన్.

లిస్టన్ ఫలేసి చెల్లెల్ని చేసుకున్నవాడు. పొగాకు వేస్తే రెండేళ్ళలో లారీ కొంటానని ప్రతివాడికీ చెప్పేవాడు. పొగాకు వేయడానికి అతనికి లేనిదల్లా పొలమే. మరునాడు పొద్దున్నే వాగొడ్డున అత్తగారి తడిమడిలో పుల్లలు పాతి, జనపతాడు కట్టి, నలభై ఏడో ప్రశ్నను, అదే భూమి ఇంటి పురుషుడిదన్నదాన్ని, నోటికి అప్పజెబుతూ తిరిగాడు.

ఆ ఉదయమే అబిటి కుంబాని కెఫాసి పెరట్లోకి వచ్చింది. అత్త, అల్లుడు ముఖాముఖి మాట్లాడుకోకూడదు కనక రెల్లు కంచెకు అవతల, వీపు తిప్పి కూర్చుంది. మధ్యలో ఒక కోడి గింజలు ఏరుకుంటోంది.

"ఓ కోడీ" అంది. "చదువుకున్నవాళ్ళ ఇళ్ళచుట్టూ తిరుగుతుంటావు కదా, నీకేమైనా తెలుసా? నా తడిమడిలో ఎవడో పుల్లలు పాతాడు."

కెఫాసి కూడా కోడి వైపే తిరిగాడు. "కోడీ, అవి లిస్టన్ పాతాడని చెప్పు."

"లిస్టన్ అని నాకు తెలీదా కోడీ? నా కళ్ళింకా పోలేదు. ఏం చూసుకుని పాతాడో కనుక్కో."

"కోర్టు పలక మీది కాగితం చూసుకుని, కోడీ. పొలం ఇంటి యజమానిదనీ, యజమానంటే మగవాడనీ అందులో ఉంది."

"ఎవరు రాశారంట?"

కెఫాసి జేబులోని కలాలను అరచేత్తో మూసుకున్నాడు.

"రాసినవాడు ఈ పెరట్లోనే ఉన్నట్టున్నాడు కోడీ. పద్దెనిమిదేళ్ళుగా నేను పండించిన కందులు తిన్న వేళ్ళే రాసినట్టున్నాయి. ఆ వేళ్ళతోనే కొట్టేయమను."

"కొట్టేయడానికి గుమాస్తాకు అధికారం లేదు కోడీ."

"రాయడానికుందా?"

కోడి కంచె సందులోంచి పక్కింటికి పోయింది. ఇక మాట్లాడటానికి మధ్యలో ఎవరూ లేరు. ఆవిడ పైబట్ట దులుపుకుని వెళ్ళిపోయింది.

కెఫాసి వాగొడ్డుకు వెళ్ళాడు. లిస్టన్ అక్కడే తాడు బిగిస్తున్నాడు.

"రా అన్నా, రా! నీ వాటా కూడా కొలిచి పెట్టాను చూడు. ఈ మొదటి పుల్ల నుంచి ఆ అరటి గుబురు దాకా. నీళ్ళు దగ్గర. మెత్తటి నేల. అన్నవని మంచి ముక్క నీకే వదిలా."

"నాకెందుకు?"

"ఎందుకేంటి? ఇరవై ఆరేళ్ళు రాశావు. చచ్చేటప్పటికి ఏం మిగులుతుంది నీకు? రెండు కలాలు! రేపు ఫలేసి వదినకేదైనా అయితే చాప చుట్టుకుని పోవాల్సిందేగా. గురువారం ఆ ముసలాళ్ళు బొటనవేలు అద్దితే ఇది నీ పేరు మీదే ఉంటుంది. నువ్వు చేయాల్సిందల్లా ఎప్పుడూ చేసేదే. నోరు మూసుకుని కూర్చో, చాలు."

కెఫాసి తాడు లోపలికి అడుగుపెట్టి నిలబడ్డాడు. నలభై అడుగుల నేల. ఆవపంట మొలకలు తడిగా మెరుస్తున్నాయి. బూటు అంచుతో మట్టిని కొంచెం కదిలించి చూశాడు. ఒక కంచె వేస్తే ఎలా ఉంటుంది, ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎలా ఉంటుంది అని తోచింది. తన మొత్తం జీవితంలో తన పేరు ఉన్నది బీరువా తాళం గుత్తి మీద ఒక్కటే. ఎంతసేపు అలా నిలబడ్డాడో, ఫలేసి సొరబుర్రతో నీళ్ళు మోసుకుంటూ వచ్చింది. తాడు దగ్గర ఆగింది.

"ఇక్కడ నీళ్ళు పోయడానికి నిన్నడగాలా ఇప్పుడు?" అంది.

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. ఆఫీసు కిటికీ దగ్గర ముద్ర కోసం వచ్చిన ఆడవాళ్ళు ఎలా అడుగుతారో అలాగే అడిగింది. కెఫాసి తాడు మీంచి ఇవతలికి వచ్చేశాడు. అక్కణ్ణుంచి తిన్నగా చింతెంగో ఇంటికి నడిచాడు.

"తాతా, నలభై ఏడోదానికి అవునన్నావేం?"

"అన్నిటికీ అన్నాను కదా నాయనా."

"నిజమని అన్నావా?"

"నిజం సంగతి ఎవరడిగారు? అవునా అన్నాడు, అవునన్నాం." చింతెంగో ముక్కుపొడి పీల్చి తుమ్మాడు. "ఏడాదిన్నరగా చూస్తున్నాం, ఇవాళ తింటాడు, రేపు తింటాడని. మొదటి రోజు కోడిని కోశాం. చూసి దండం పెట్టి కారులోకి పోయాడు. దొంగిలించినవాడిలా అద్దాలు బిగించుకుని తింటాడేమిటయ్యా? వాళ్ళమ్మ ఏం నేర్పింది?"

"గురువారం వేలిముద్ర వేయకుండా కాదనేయ్ తాతా. పొలాలు పోతాయి."

"ఆకలితో ఉన్న అతిథికి కాదని చెప్పినవాడు మా వంశంలో లేడు. రేపు నా పేరు చెప్పి ఎవడైనా నా మనవళ్ళకు పిల్లనిస్తాడా?" ముసలివాడు గొంతు తగ్గించాడు. "నువ్వు తినిపించు. నేను చెబుతా. ఎన్ని కాదులు కావాలంటే అన్ని చెబుతా. ఏడాదిన్నరవి పోగయ్యాయి, కడుపు ఉబ్బిపోయి ఉంది నాకు."

మరునాడు కెఫాసి దొర ముందు నిలబడ్డాడు. అడగనిదే బ్వానా ముందు, అంటే దొర ముందు, నోరు తెరవడం అతనికి అదే మొదలు.

"బ్వానా, వాళ్ళు అవునన్నది మీరు భోంచేయలేదని."

ప్రశ్నల దొర కళ్ళద్దాలు తీశాడు. "ఆ మాట సాక్షుల్లో ఎవరైనా చెప్పారా?"

"చెప్పలేరు బ్వానా. మీరు తినలేదు కదా."

"అయితే అది నీ అభిప్రాయం. దుబాసీకి అభిప్రాయం ఉండకూడదు కెఫాసి."

"తెలుసు బ్వానా. నియమాల పుస్తకం, పదకొండో పేజీ. దాన్ని టైపు చేసింది నేనే. కానీ ఒక్క ముద్ద తింటే..."

"ముద్దకూ లంచానికీ మధ్య గీత ఎక్కడ గీస్తాం?" ఆయన బాధగా అడిగాడు. ఆ బాధ నిజమైనదే. రాత్రీపగలూ ఆ గీత గురించే ఆలోచించేవాడిలా ఉన్నాడు. "తొమ్మిది రోజుల్లో నా ఓడ. వెళ్ళేముందు ఈ ఒక్క పనైనా మచ్చ లేకుండా చేయాలని కోరిక."

కెఫాసి తన గదికి వెళ్ళి బీరువా తెరిచాడు. కష్టం వచ్చినప్పుడు కొందరు బైబిలు తెరుస్తారు, కొందరు సీసా తెరుస్తారు. కెఫాసి ఫారాల కట్ట తెరిచాడు. ఏడో నంబరు దగ్గర అతని వేలు ఆగింది.

ఏడో నంబరు ఫారం కోర్టులో చూపించిన వస్తువుల కోసం. పేరు, రంగు, బరువు, వాసన, రుచి అని గడులుంటాయి. రుచి గడి ఎందుకొచ్చిందంటే, కచాసు సారా కేసుల్లో పట్టుబడిన సీసాలో ఉన్నది సారానా, నీళ్ళా అని అధికారి స్వయంగా తేల్చాలి. పాతకాలంలో ఒక దొర ఈ గడి నింపడంలో చాలా శ్రద్ధ చూపేవాడు. ఆయన దస్తూరీ మొదటి సీసాకు నిటారుగా మొదలై నాలుగో సీసాకు పక్కకు ఒరిగిపోయేది. ఏ గడి ఖాళీగా ఉన్నా ఫైలు మొత్తం వెనక్కి వస్తుంది.

కెఫాసి మళ్ళీ దొర గదికి వెళ్ళాడు. ఈసారి చేతిలో కాగితం ఉంది కనక ధైర్యం ఉంది.

"బ్వానా, ముప్పై ఒకటో జవాబులో పెళ్ళికి పన్నెండు ఆవులని ఉంది. యాభై ఒకటో సంవత్సరం తీర్పులో ఒక కోడిని వండి రెండు వైపులవాళ్ళూ తిన్నారన్న సాక్ష్యం మీదే ఇదే కోర్టు ఒక పెళ్ళిని ఖాయం చేసింది. రెండూ ఒకే ఫైలులో ఉన్నాయి."

"కోడి?" ప్రశ్నల దొర నిటారుగా కూర్చున్నాడు. దేన్నైనా భరిస్తాడు గాని రెండు కాగితాలు ఒకదానికొకటి ఎదురు చెప్పుకోవడం ఆయన భరించలేడు. "మరి ఆవులు?"

"ఈ కొండ మీద ఆవును నేను పాలడబ్బా బొమ్మలోనే చూశాను బ్వానా."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"అడగలేదు బ్వానా."

దొర తీర్పునూ జవాబునూ పక్కపక్కన పెట్టి రెండుసార్లు చదివాడు. "అలా వండిన కోడిని చూడాలి" అన్నాడు చివరికి. "గురువారం. నియమం ప్రకారం."

గురువారం వచ్చింది. కోర్టు అరుగు మీద పెద్దమనుషులు ఐదుగురూ చాపల మీద కూర్చున్నారు. వేలిముద్రల సిరాబిళ్ళ సిద్ధంగా ఉంది. ఆ వెనక స్తంభానికి ఆనుకుని లిస్టన్, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. అబిటి కుంబాని వండిన కోడికూర, కందులు, మొక్కజొన్న సంకటి మూతపెట్టిన గిన్నెల్లో వచ్చాయి. కెఫాసి ఒక్కో గిన్నెకు తాడుతో చీటీ కట్టాడు. మొదటి గిన్నె మీద "ఎ" అని రాశాడు.

"రంగు?" అని అడిగాడు దొర, కలం తీసి. తానే చూసి "గోధుమ" అని రాసుకున్నాడు. బరువు తూచాడు. వాసన చూశాడు. పాపం, అక్కడ ఆయన కళ్ళు ఒక్క క్షణం మూతపడ్డాయి. ఆయన ఏడాదిన్నరగా రొట్టెముక్కల మీద బతుకుతున్నాడు. రుచి గడి దగ్గర కలం ఆగింది.

"ఇది ఖాళీగా వదలొచ్చా?"

"ఫైలు తిరిగొస్తుంది బ్వానా. ఓడ వెళ్ళిపోతుంది."

"ఫోర్కు ఉందా?"

"ఇనుము తగిలితే వస్తువు రుచి మారుతుందని ఆరోపణ రావొచ్చు బ్వానా. చేతితో తీసుకోవాలి. చెయ్యి శుభ్రంగా ఉన్నట్టు నేను ధ్రువీకరిస్తాను." కెఫాసి చెంబు వంచి దొర చేతుల మీద నీళ్ళు పోశాడు. పెద్దమనుషుల్లో ఒకడికి దగ్గు వచ్చింది, అణచుకున్నాడు.

దొర సంకటి ముద్ద చేశాడు. అది ముద్దలా లేదు, నలిగిన ఉత్తరంలా ఉంది. కూరలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. పదిమంది కళ్ళు ఆయన గొంతు మీదే ఉన్నాయి. గొంతు ముడి పైకి లేచింది, కిందికి దిగింది.

"మింగాడు!" అన్నాడు చింతెంగో.

"సంతృప్తికరం" అని రాశాడు దొర. తర్వాత, రుచి కచ్చితంగా తెలియలేదన్నట్టు, మరో ముద్ద చేశాడు. ఆ తర్వాత కందులు కూడా విడిగా పరీక్షించాడు.

"నాయనా" అన్నాడు చింతెంగో, మోకాళ్ళ మీద ముందుకు జరిగి. "ఇందాక... అదే, పోయిన ఏడాది, నువ్వు కొన్ని మాటలు అడిగావు."

అంతే, గండిపడింది. ఆవులేమిటయ్యా, ఆవులెక్కడివి? పెద్దకొడుకేమిటి, మేనల్లుడికి కదా! విడాకులకు మూడు మేకలని ఎవడన్నాడు? నువ్వే అన్నావు! ఐదుగురూ ఒకేసారి మాట్లాడారు. ఒకడు లేచి నిలబడి ఆరో ప్రశ్నకు కాదన్నాడు. వెంటనే ఇంకొకడు అరవై ఆరుకు కూడా కలిపి కాదన్నాడు. వాళ్ళ ముఖాల్లో ఏడాదిన్నర మలబద్ధకం తీరిన హాయి కనబడింది. కెఫాసి తర్జుమా చేస్తూ ఊపిరి తీసుకోలేకపోయాడు. దొర ముఖం చెవుల రంగుకు వచ్చింది.

"ఆగండి! ఇవన్నీ మార్చడానికి సమయం లేదు. ఒకసారి అవునన్నారు, ఒకసారి కాదంటున్నారు. దేన్ని నమ్మాలి?"

"రాసుకో నాయనా, నీకు నచ్చింది రాసుకో" అన్నాడు చింతెంగో దయగా. "పన్నెండు ఆవులు ఉంచుకో. ఎవడిస్తాడు? కానీ ఆ పొలం సంగతి ఒక్కటి తీసెయ్. దాని మీద నా వేలు పడదు." బొటనవేలు పిడికిట్లో దాచుకున్నాడు. మిగతా నలుగురూ దాచుకున్నారు.

దొర కాగితాలు తిరగేశాడు. "పాత జవాబును రద్దు చేయాలంటే ఈ పెద్దమనుషుల్లో లేని మరో సాక్షి కావాలి. వివాహితుడు, పురుషుడు, ప్రమాణం చేసి చెప్పాలి." చుట్టూ చూశాడు. లిస్టన్ ఒక అడుగు ముందుకు వేశాడు. దొర చూపు మాత్రం పక్కనే ఉన్న తెల్ల మేజోళ్ళ మీద ఆగింది. "కెఫాసి, నీకు పెళ్ళయింది కదా?"

"అయింది బ్వానా."

"సాక్షి కుర్చీలో కూర్చో. నియమం తెలుసుగా. సాక్షి తన భాషలో చెప్పాలి. దుబాసీ తర్జుమా చేయాలి."

దుబాసీ కూడా అతనే కనక, కెఫాసి దొర ప్రశ్నను నిలబడి మన భాషలోకి తిప్పి కుర్చీకి చెప్పాడు. తర్వాత కుర్చీలో కూర్చుని విన్నాడు. నలభై ఏడో ప్రశ్న. భూమి ఇంటి పురుషుడిది, అవునా?

"అన్నా!" అన్నాడు లిస్టన్ మెల్లగా. "అరటి గుబురు దాకా!"

కెఫాసి తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఒక బూటు అంచుకు ఎండిన మట్టి అంటి ఉంది. నోరు తెరిచాడు. తన మాట ఎలా ఉంటుందో మరచిపోయాడు కనక మొదట గొంతు కీచుమంది.

"కాదు. ఆ పొలంలో పద్దెనిమిదేళ్ళు బోదెలు వేశాను. ఒక్కటి నాది కాదు. నా భార్యది కూడా కాదు ఇంకా, మా అత్తది. నేను పోతే నన్ను పూడ్చేది కూడా మా అమ్మ ఊళ్ళోనే."

లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, ఇంగ్లీషులో, "సాక్షి కాదంటున్నాడు" అని మొదలుపెట్టి మిగతాది కూడా అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు.

"తన లాభానికి తానే ఎదురు చెబుతున్నానని సాక్షికి తెలుసా?" అడిగాడు దొర.

కెఫాసి ఆ ప్రశ్నను కూడా తిప్పి కుర్చీకి వినిపించాడు. మళ్ళీ కూర్చున్నాడు. బూటుకున్న మట్టిని గోటితో గీకి రాల్చాడు. తల ఊపి లేచాడు.

"సాక్షికి తెలుసంటున్నాడు బ్వానా."

నలభై ఏడో జవాబు మీద ప్రశ్నల దొర ఎర్రగీత గీశాడు. కాదని రాయడానికి ఆయన మనసు ఒప్పలేదు. ఒక్క ముద్దతో చట్టం మారిందని లండన్‌కు ఎలా చెబుతాడు? "ఆచారం నిశ్చయం కాలేదు, విచారణ జరగాలి, అంతవరకు యథాస్థితి" అని రాశాడు. ఐదు బొటనవేళ్ళు పిడికిళ్ళలోంచి బయటికి వచ్చాయి. పుస్తకం ముందుమాటలో ఆయన ఒక వాక్యం చేర్చాడని తర్వాత తెలిసింది. ఈ ప్రాంతపు సాక్షుల జవాబులు పూటను బట్టి మారుతుంటాయని, దీనికి కారణం వాతావరణం కావచ్చునని.

జూలైలో జెండా మారింది. ఆగస్టులో లిస్టన్ అబిటి కుంబాని మీద దావా వేశాడు. కొత్త న్యాయాధికారి మన మనిషే, కోటు వేసుకున్నవాడు, అచ్చయిన పుస్తకం తెరిచి నలభై ఏడు చదివి, విచారణ ఎక్కడిదాకా వచ్చిందని గుమాస్తాను అడిగాడు. జరగాల్సి ఉందని చెప్పాడు కెఫాసి. ఎవరు జరపాలి? ఫైలులో లేదు. అయితే పక్కన పెట్టు అన్నాడు అధికారి. ప్రభుత్వం మారినా ఆ మాట మారలేదు. లిస్టన్ పుల్లలు పీక్కున్నాడు. ఏడాది పాటు తోడల్లుడితో మాట్లాడలేదు. తర్వాత పార అరువుకు కావలసి వచ్చి మాట్లాడాడు.

కెఫాసికి మాత్రం సాక్షిగా చెప్పినందుకు జోంబా నుంచి ఒక తాఖీదు వచ్చింది. దుబాసీ తన మాటను తానే తర్జుమా చేసుకోవడం నియమాలకు అనుకూలమేనా, వివరణ ఇవ్వాలని. అతను మూడు ప్రతుల్లో వివరణ పంపాడు. జవాబు రాలేదు.

నవంబరులో, మా కొండ మీద వానలకు ముందు నేల కాలే రోజుల్లో, ఆదివారం ఉదయం ఫలేసి అతన్ని పొలానికి తీసుకెళ్ళింది. అతను మేజోళ్ళు విప్పి మడిచి, రాయి కింద పెట్టాడు.

"ఇదిగో, ఇక్కణ్ణుంచి ఆ చీమలపుట్ట దాకా" అంది ఆమె వేలు చూపించి. "పుట్ట దాటకు. అది చెల్లెలి వైపు."

"పుట్ట ఎవరిది?"

"అమ్మది. నీకెందుకు? బోదె వంకర పోనీకు."

కెఫాసి పార ఎత్తాడు.